పంపు పీకనివ్వని వదిన

ఆ షెడ్డులో ఆమెను వదినా అని పిలవాల్సిన మనిషి ఒక్కడే, ఆమె మరిది. కానీ రంగులేసేవాడి దగ్గర్నుంచి టైర్లమ్మేవాడి దాకా అందరికీ ఆమె వదినే. భర్త పోయాక షెడ్డు మరిది చేతికొచ్చింది. ఆమెకు వెనక గోడవార ఒక బల్ల, దానికి బిగించిన, సామాను కదలకుండా పట్టే వైసు, పాత కార్ల పెట్రోలు పంపుల పని మిగిలాయి. కొత్త కార్లకు అలాంటి పంపులుండవు. అంచేత మరిది కన్ను ఆ బల్ల మీద పడింది. అక్కడ బ్యాటరీలు చార్జింగు పెట్టుకోవాలని అతని ఆశ.

ఇలా ఉండగా ఓ టైలరు తన పాత కారు తోలుకొచ్చాడు. పిల్లనిచ్చిన మామ పిల్లతో పాటు వదిలించుకున్న కారని తనే చెప్పుకుంటాడు. ఎండపూట కొండెక్కిస్తే సగం దారిలో మొరాయిస్తోందట. పంపు ఇంజినుకు అంటుకునే ఉంటుంది కాబట్టి, ఆ వేడికి లోపలి పెట్రోలు ఆవిరైపోతుంది. ఆ ముసలి పంపు పీకేసి కరెంటు పంపు పెట్టేద్దామన్నాడు మరిది. తప్పు మాటేం కాదు, అందరూ చేసేదదే.

వదిన ససేమిరా అంది. ఈ పంపు ఇంజిను తిరిగితేనే పెట్రోలు తోడుతుంది, ఆగితే తనూ ఆగుతుంది. కరెంటు పంపు తోపుకు ఆ పాత కార్బురేటర్ తట్టుకోదు, పొంగి ఇంజిను మీద పోస్తుంది అంది. తోపు తగ్గించే సామాను కూడా అమ్ముతున్నారన్నాడు మరిది. రోగమూ వాళ్లే అమ్మి, మందూ వాళ్లే అమ్ముతారా అంది ఆమె. మాట మీద మాట పెరిగింది.

"ఈ పంపుతోనే కొండెక్కిస్తాను. దారిలో ఆగిందా, బల్ల నీది."

మరిది వెంటనే టైలరును సాక్షిగా పెట్టుకున్నాడు.

ఆమె పంపు విప్పి, లోపలి రబ్బరు పొర కొత్తది కత్తిరించి వేసింది. ఇంజిను వేడి అంటకుండా మధ్యలో చిటికెన వేలంత మందం ఫైబరు బిళ్ల చెక్కి పెట్టింది. కారు కుట్టుమిషనులా నడుస్తోందని టైలరు మురిసిపోయాడు. ముగ్గురూ కొండదారి పట్టారు.

మొదటి మలుపు దాటింది. రెండోది నిటారు ఎక్కుడు. అక్కడ కారు దగ్గి, గుటకలేసి, చతికిలబడింది. వెనకసీట్లోంచి మరిది ముందుకు వంగి సాక్షి భుజం తట్టాడు. అదే ఆమె ఒళ్లు మండించింది.

బానెట్ ఎత్తి పంపు తడిమింది. అంత వేడిగా లేదు. సంగతి అర్థమైంది. బిళ్ల పెట్టడంతో పంపు బయటికి జరిగింది, ఇంజిను తోసే తోపు దాని మీటకు సగమే అందుతోంది. చదును మీద సరిపోయిన పెట్రోలు ఎక్కుడులో చాల్లేదు. బిళ్ల పెడితే మీట కొస కూడా అంత మేరా పెంచాలి. ఆ సంగతి ఆమె ఎందరికో చెప్పింది. పందెం ధ్యాసలో తనే మరిచిపోయింది.

"చల్లగా ఉంచబోయి కడుపు మాడ్చాను," అంది.

లాక్కెళ్లే బండిని పిలుద్దామన్నాడు మరిది. ఆమె స్పానర్లు అందుకుంది. కాలుతున్న ఇంజిను పక్క పంపు విప్పి, బిళ్ల తీసేసి, మళ్లీ బిగించింది. రెండు వేళ్లు బొబ్బలెక్కాయి. టైలరు సీటు కింది గుడ్డముక్కలు తడిపి పంపుకు చుట్టింది. కారు కొండెక్కింది.

పైకి చేరాక మరిది గొంతు సవరించుకున్నాడు. "ఆగింది ఆగినట్టే కదా, వదినా."

"ఆగింది. బల్ల తీసుకో."

టైలరు సర్దిచెప్పబోతే, మాట ఇచ్చింది నేను, నీ జాలి నీ దగ్గరే ఉంచుకో అంది.

మర్నాడు మరిది బ్యాటరీ మోసుకొచ్చేసరికి బల్ల ఖాళీ. వైసు గేటు దగ్గర, ఏళ్లుగా పడున్న లారీ ఇంజినుకు బిగించి ఉంది. దాని ముందు స్టూలేసుకుని వదిన పంపు మీట పట్టుకుని కూర్చుంది. కొసకు ఇత్తడి పోసి పెంచి, ఆకురాయితో రుద్దుతోంది. షెడ్డుకొచ్చే ఏ బండైనా ముందు ఆమెను దాటాల్సిందే.

"ఇదేంటి వదినా, దారికడ్డంగా?"

"లోపల చోటు లేదుగా, నాయనా."

ఆమె బిళ్లా, మీటా రెండూ సరిచూసి కారుకు బిగించింది. టైలరును ఎక్కమని, మరిది కోసం వెనక తలుపు తెరిచి పట్టుకుంది.

"నువ్వూ ఎక్కు. మళ్లీ ఆగితే ఈ చోటూ నీదే."

 మరిది ఎక్కలేదు. బ్యాటరీ కింద పెట్టి, ఎప్పుడూ మూసుండే గేటు రెండో రెక్క కూడా లాగి తెరిచాడు, ఆమె కూర్చున్న చోటు పక్కనుంచి కార్లు పోయేలా.