మాలలో ఉండగా చేప

తిరుత్తణి దగ్గర మగ్గం నేసే తణికాచలానికి ఏటా ఆడి కృత్తిక పండక్కి మురుగన్‌కు కావడి ఎత్తే మొక్కు ఉంది. మెడలో మాల పడ్డాక ఇంట్లో నీచు ముట్టరు. అతనికున్న ఒకే సరదా సెల్‌ఫోన్‌లో ఒక ఆట. వేరే గ్రహపు సముద్రంలో చిక్కుకున్న మనిషిని బతికించాలి. అక్కడ తినడానికి దొరికేది పెద్ద కళ్ళ బుల్లి చేప ఒక్కటే. మనిషి చస్తే, మూడు నెలలుగా నీళ్ళ అడుగున కట్టిన ఇల్లంతా పోతుంది.

ఆ సాయంత్రం ఆటలో మనిషి ఆకలి గుర్తు ఎర్రబడింది. చేప దొరికింది గాని, తినిపించడానికి తణికాచలానికి వేలు ఆడలేదు. ఆట ఆపి మగ్గం దాకా పోయాడు, మళ్ళీ వచ్చాడు, మళ్ళీ పోయాడు.

"బొమ్మ చేపకు గూడా నేమమా? మురుగనే నవ్వుతాడు పో," అంది భార్య శశికళ.

"నీకేం తెలుసు? పట్టేది, కాల్చేది నేనే గదా!"

అత్త వరదమ్మ అతని చేతికి మజ్జిగ లోటా ఇచ్చి, ఫోనులోకి తొంగి చూసింది.

"ఆకలి నీకా, వానికా?"

"వానికే అత్తా."

"మాల యేసుకునింది?"

"నేను."

"మరి వాణ్ణెందుకయ్యా పస్తు పెడతావు? ఆకలైనోనికి పెట్టొద్దని యే సామీ చెప్పలేదే!"

తణికాచలం కళ్ళు మూసుకుని బొత్తాం నొక్కాడు. వాడు తిని బతికాడు. ఇతనికి మాత్రం మనసు కుదుటపడలేదు. దీపం పెట్టే ముందు మళ్ళీ తలకు పోసుకున్నాడు. వరదమ్మ తువాలు అందించింది.