గట్టిగా చెప్పడానికి హైదరాబాదు దాకా

పోయిన నెల మా అమ్మాయి శ్రావణితో హైదరాబాదు వెళ్ళొచ్చాను. పైలట్ లైసెన్సు వచ్చినా, కోపైలట్‌గా ఉద్యోగంలో చేరాలంటే సిమ్యులేటర్‌లో పరీక్ష నెగ్గాలి. ప్రాక్టీసులో పక్కనున్న కెప్టెన్, పరీక్షించడానికి కావాలనే పొరపాటు చేస్తే, మా పిల్ల చూసి కూడా నోరు మెదపలేదట. పెద్దాయన కదా అని! "చేతులు బాగున్నాయి, నోరే లేదు" అన్నారట నేర్పే సారు. అందుకే నేనూ వెంట బయల్దేరాను.

ఉదయం ఆరున్నరకు కాజీపేటలో రైలెక్కాం. ఈ దారిలోనే ఇంజన్ నడిపి రిటైరయ్యాను. ఇంజన్‌లో డ్రైవరూ అసిస్టెంటూ ప్రతి సిగ్నల్‌నూ ఒకరికొకరు పైకి చెప్పుకోవాలి. మేమూ అదే మొదలుపెట్టాం. నేను కెప్టెన్‌ని, తను కోపైలట్. స్పీడు కావాలనే ఎక్కువ చెప్పాను.

"బాపూ... జర ఎక్కువైనట్టుంది."

"ఈడ బాపు లేడు. ఎక్కువైతే ఎక్కువైందని చెప్పు!"

జనగామ దాటేసరికి శ్రావణి గొంతు లేచింది. ఎదుటి సీటు ముసలమ్మ ఉలిక్కిపడింది. "ఏందయ్యా, బిడ్డ నీ మీద గట్ల ఒర్రుతాంది?"

"నేనే ఒర్రమన్న అమ్మా. విమానం నడిపే పనికి పోతాంది."

"అయితే ఇంకింత గట్టిగ ఒర్రు బిడ్డా!"

తొమ్మిదికి సికింద్రాబాదు. స్టేషన్ బయట ఇడ్లీ తిని, ఎయిర్‌పోర్టు వైపు బస్సెక్కి, పదిన్నరకు ట్రైనింగ్ సెంటర్ చేరాం. వెంట వెళ్ళేవాళ్ళు ఆధార్ కార్డు మరిచిపోవద్దు. అది చూపించినా క్యాంటీన్ దాకానే రానిస్తారు. అక్కడ మూడు గంటల్లో నాలుగు చాయ్‌లు తాగాను.

ఒంటిగంటన్నరకు శ్రావణి చెమటతో బయటికొచ్చింది.

"దిగేటప్పుడు కెప్టెన్ స్పీడు తగ్గించలే బాపూ. రెండుసార్లు చెప్పిన. 'నేను చూసుకుంట' అన్నడు. ఇగ 'గో అరౌండ్' అని ఒర్రిన."

అంటే, దిగొద్దు, మళ్ళీ పైకి లేపమని.

వెనకే నెరిసిన జుట్టు కెప్టెన్ వచ్చారు. నేను లేచి నిలబడ్డాను. "మీ అమ్మాయి నన్ను దిగనివ్వలేదండీ" అని నవ్వారు. "పక్కన ఇలాంటివాళ్ళే ఉండాలి. పాసైంది."

నాలుగు గంటల రైలుకు తిరుగు ప్రయాణం. భువనగిరి దగ్గర, ఇంట్లో ఎన్నడూ చెప్పని సంగతి శ్రావణికి చెప్పాను. అసిస్టెంటుగా చేరిన కొత్తలో ఎర్ర సిగ్నల్ చూసి కూడా, పెద్ద డ్రైవర్‌కు నేను చెప్పేదేంటని ఆగిపోయాను. ఆయన చూసుకున్నారు కాబట్టి సరిపోయింది. "నాకు ఏండ్లు పట్టింది బిడ్డా, నీకు ఇయ్యాల్నే వచ్చింది" అన్నాను. తను నా చేయి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

కాజీపేటలో దిగగానే నాతో పనిచేసిన పాత దోస్తు ఎదురయ్యాడు. "ఎటు పోయొస్తానవే?"

ప్లాట్‌ఫాం అంతా వినిపించేట్టు చెప్పాను: "నా బిడ్డ ఇయ్యాల కెప్టెన్‌నే ఆపిందే!"