డాక్టరు ముందు విప్పిన గుట్టు

మంచిర్యాలలో ఉన్నప్పుడు మా నాలుగేళ్ల పెద్దపాపకు మాటిమాటికీ చలిజ్వరం వచ్చేది. కరీంనగర్‌లో ఎక్స్‌రే తీయించిన డాక్టరు, మూత్రం వెనక్కి కిడ్నీలోకి పోతోందన్నారు.

"ఇది కుటుంబంల వస్తుంటది. మీ ఇండ్లల్ల ఎవరికన్న ఉండెనా?" అని అడిగారు.

"మా దిక్కు లేదు సారూ. ఈమెనే పిల్లను సాఫ్‌గ ఉంచది," అన్నది మా అత్తమ్మ.

చిన్నప్పుడు నాకూ అవే జ్వరాలు వచ్చేవి. పదేళ్లొచ్చినా పక్క తడిపేదాన్ని. పెళ్లప్పుడు నన్ను కన్న మా అవ్వ ఆ సంగతి దాచింది.

"నాకుండె సారూ," అన్నాను తలెత్తకుండా.

"చెప్పి మంచిపని చేసినవమ్మా. చిన్నపాపను గూడ తీస్కరా," అన్నారు డాక్టరు.

ఒక్కసారీ జ్వరం రాని చిన్నదానికీ పరీక్షలో అదే తేలింది. తిరుగు బస్సులో అత్తమ్మ దాన్ని ఒళ్లో పడుకోబెట్టుకుని, "నాతోనన్న చెప్పకపోతివి బిడ్డా," అన్నది.

మందులతో ఇద్దరూ కోలుకున్నారు. సిగ్గుపడి ఊరుకుని ఉంటే చిన్నదాని సంగతి ఎవరికీ తెలిసేది కాదు.