సూనర్ ఆర్ లేటర్ అన్న మా పక్క తోటాయన

మా పక్క తోటాయన గల్ఫులో సూపర్‌వైజరుగా చేసి వచ్చాడు. వరస కలిపి బావగారూ అని పిలుచుకుంటాం. ఆయన కొబ్బరిచెట్టు ఒకటి గట్టు దాటి మా పెరట్లోకి వాలింది. లెక్కల మాస్టార్ని కదా, దాని ఎత్తూ వాలూ లెక్కగట్టి, కాయ రాలితే ఎక్కడ పడుతుందో నేలమీద గుండ్రంగా గీత గీశాను. మా బోరింగు ఆ గీత లోపలే ఉంది.

"బావగారండీ, మా అమ్మ అక్కడే గిన్నెలు తోముకుంటాదండి. కాయలు దింపించెయ్యండి."

"ఆయ్, దింపించేస్తానండి. సూనర్ ఆర్ లేటర్."

"అంటే ఎప్పుడండి?"

"ఇయ్యాల కాపోతే రేపు. ఎప్పుడోకప్పుడు అయి తీరుద్దని అర్థమండి. మీ లెక్కల్లో ఇలాంటివి ఉండవు లెండి!" అని నవ్వాడు.

నాకొచ్చిన ఇంగ్లీషు లెక్కల పుస్తకాల మేరకే. అయినా ఆ మాట వాడకం బాగానే పట్టుబడింది. జరుగుతుందని గట్టిగా చెబుతుంది, ఎప్పుడో చెప్పదు. చెట్టు కింద కూర్చున్నవాళ్లు దాన్ని అనరు, చెట్టుగలవాళ్లే అంటారు.

ఆ వేసవిలో అమ్మ గిన్నెలు కడుగుతుండగా కాయ భుజం మీద పడింది. ఎముక విరిగింది. మర్నాడే ఆయన మనుషుల్ని పెట్టి తోటంతా దింపించాడు. అమ్మను చూడటానికి మాత్రం రాలేదు. నాకు మండింది అందుకే.

ఆయన తోటకు వేరే దారి లేదు. మా నాన్న కాలం నుంచీ కాయల లారీ మా పెరట్లోంచే వెళ్లేది. ఎవరూ ఎవర్నీ అడిగేవాళ్లు కాదు. ఈసారి గేటుకు తాళం వేశాను.

"బావగారండీ, మలికిపురం నుంచి లారీ వచ్చేసిందండి. గేటు తియ్యండి."

"ఆయ్, తీస్తానండి. సూనర్ ఆర్ లేటర్."

"ఎగతాళా అండీ?"

"లేదండి. మీరు చెప్పిన అర్థంలోనే వాడేను."

డ్రైవరు హారన్ కొట్టీ కొట్టీ లారీ తిప్పుకుపోయాడు. ఆయన కొన్ని కాయలు గట్టు మీదుగా కావిళ్లతో మోయించాడు. మిగతా గుట్ట వానల్లో నాని మొలకలెత్తింది. ఆ మొలకలు పచ్చగా లేస్తుంటే కిటికీలోంచి రోజూ చూసేవాణ్ణి. కడుపు నిండినట్టుండేది.

ఒక మధ్యాహ్నం ఆయన భార్య ఆ కాయలే పగలగొట్టి, లోపలి కొబ్బరిపువ్వులు పళ్లెం నిండా పెట్టుకుని గేటు దగ్గరికి వచ్చింది.

"పిన్నిగారికి ఇష్టమంట కదా అన్నయ్యగారూ. ఆయన మొహం చెల్లక నన్ను పంపేరండి."

"ఆడకూతుర్ని బయట నిలబెడతావేంట్రా? గేటు తియ్యి!" లోపల్నించి అమ్మ కేకేసింది.

పళ్లెం చువ్వల మధ్య పట్టలేదు. పువ్వులు ఒక్కొక్కటిగా చువ్వల్లోంచే అందుకున్నాను.