అందని దెబ్బ

ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఉతికే ఆ పిల్లను అందరూ మొండి అనే పిలిచేవారు. అన్నావదినల ఇంట్లో ఉండేది. ఒకరోజు సూపర్‌వైజరు నోరు పారేసుకుంటే, ఉడికిపోయి తడి దుప్పట్ల మూటను గుద్ది కింద పడేసింది. వెనక షెడ్డులో బాక్సింగ్ నేర్పే ముసలి మాస్టారు పాత తువ్వాళ్ల కోసం వచ్చి అది చూశాడు.

“భుజం బాగుంది. కోపమే ఎటు పోవాలో తెలీక తిరుగుతోంది. సాయంత్రం రామ్మా,” అన్నాడు.

వెళ్లింది. ఏళ్ల తరబడి వెళ్లింది. గెలిచింది తక్కువ, ఓడింది ఎక్కువ. “మొహమంతా మరమ్మతులేనా?” అని సణుగుతూనే వదిన వాపులకు ఐసు పెట్టేది. మాస్టారు మాత్రం ఓటమి మాట ఎత్తేవాడు కాదు. తప్పెక్కడ జరిగిందో చూపించి, మళ్లీ చేయించేవాడు. ఆమెను ఒక మనిషిగా లెక్కచేసిన మొదటివాడు ఆయనే.

రాష్ట్ర జట్టు ఎంపిక పోటీలో చివరి రౌండుకు ముందు, “మాస్టారూ, ఎడమ కంటికి తెర కట్టినట్టుంది,” అంది.

ఆయన ఆమె మొహం తుడిచాడు. “చెమటే. ఇంకొక్క రౌండు ఓర్చుకో తల్లీ.”

ఓర్చుకుంది. గెలిచింది కూడా. మర్నాటికి ఆ కన్ను కనబడలేదు. దెబ్బలకు కంటి లోపలి పొర ఊడిపోయిందన్నారు డాక్టర్లు. ఆపరేషన్ చేసినా చూపు రాలేదు. జట్టులో ఆమె చోటు, ఆమె చేతిలో ఓడిన అమ్మాయికి పోయింది.

మాస్టారు షెడ్డుకు తాళం వేసి ఇంట్లో కూర్చున్నాడు. పలకరించడానికైనా రాలేదు. చూసి చూసి ఆమే వెళ్లింది. మాసిన గడ్డంతో మంచం అంచున కూర్చుని ఉన్నాడు.

“నీ కన్ను నేనే పోగొట్టాను. కొట్టమ్మా నన్ను. కోపం తీరేదాకా కొట్టు,” అంటూ లేచి నిలబడ్డాడు.

ఆమెకు నిజంగానే కోపం ఉంది. కుడిచెయ్యి విసిరింది. ఒంటికంటికి దూరం తెలియక, పిడికిలి ఆయన చెంపకు జానెడు ఇవతలే ఆగిపోయింది. ఆయన గోడకు జారగిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

“ఏడవకండి మాస్టారూ. నాకు ఓదార్చడం చేతకాదు,” అంది.

ఆయన మళ్లీ ఎవరికీ నేర్పలేదు. షెడ్డులో ఎవరో టైర్ల కొట్టు పెట్టారు. ఆమె లాండ్రీలోనే ఉంది. ఎడమవైపు నుంచి ఎవరు పిలిచినా ఉలిక్కిపడుతుంది. చేతులు వాటంతటవే మొహానికి అడ్డం లేస్తాయి. తోటివాళ్లు నవ్వుతారు. ఆయన నేర్పిందంతా మరిచిపోవాలనే చూస్తోంది. ఒళ్లు మాత్రం మాట వినడం లేదు.