పదిహేడో రంగు

నల్లగొండలో నేను పింగాణీ పంటి తొడుగులు చేసే ల్యాబుకు, పన్ను రంగు చూసుకోమని పళ్ల డాక్టరు ఒక అవ్వను పంపాడు. ఫ్లోరైడ్ నీళ్లు తాగిన ఊరామెది. పళ్లన్నీ గోధుమ చారలే. అయినా తొడ చరిచి, నోరంతా తెరిచి నవ్వేది. విరిగిన ముందు పన్నుకు తెల్ల తొడుగు చేస్తానన్నాను.

"వద్దు బిడ్డా. గదొక్కటే మెరిస్తే, నవ్వినప్పుడల్లా కొంగు అడ్డం పెట్టుకోవాల్నా? గది నాతోని కాదు."

నా దగ్గరున్న పదహారు రంగుల నమూనాల్లో ఆమె పన్ను రంగు లేదు. ఆమెను ఎదురుగా కూర్చోబెట్టి, పక్క పన్ను చూస్తూ తొడుగు మీద మూడు చారలు గీశాను. కొలిమిలో కాల్చి, మళ్లీ సరిచూశాను.

అతికించే రోజు డాక్టరు దగ్గరికి నేనూ వెళ్లాను. అవ్వ అద్దంలో చాలాసేపు వెతుక్కుంది.

"గిండ్ల నువ్వు చేసింది ఏది బిడ్డా?" అంటూ తొడ చరిచింది. కొంగు భుజం మీదే ఉంది.