కిటికీ మీద పెట్టిన ఆది

బజారు వెనక వీధిలో, మిల్లు యజమానికి చెందిన ఒక ముందుగదిలో మిషనమ్మ బట్టలు కుట్టేది. ఆమెది కొండవతల జనం. చిక్కటి నలుపు, ఉంగరాల జుట్టు. తాతలనాడు కొండ దిగి వచ్చారు. కొండేమో అక్కడే ఉంది, వీళ్ళేమో ఇక్కడే పుట్టి ఇక్కడే పిల్లల్ని కన్నారు, అయినా ఊరికి మాత్రం ఇంకా అవతలివాళ్ళే.

ఆమె చెయ్యి మాత్రం అందరికీ కావాలి. అంత ఒద్దికైన కుట్టు ఊళ్ళో ఇంకెవరికీ రాదు. కానీ ఊరి ఆడది ఒక్కతీ ఆమె గడప తొక్కలేదు. కొత్తగుడ్డ, దానితోపాటు కొలతకి ఆదిగా ఒక పాతబట్ట కిటికీ గట్టుమీద పెట్టి, "దీని లెక్కన కుట్టు" అని రెండడుగులు వెనక్కి జరిగేవాళ్ళు. టేపు మిషనమ్మ మెడలో వేలాడుతూనే ఉండేది. అది ఊరివాళ్ళ ఒంటికి ఏనాడూ తగల్లేదు.

"కొలిస్తే నీ రంగు అంటుకుంటుందని భయం కాబోలు," అనేది అత్త, మూలన కూర్చుని గుండీలు కుడుతూ. "అంటుకుంటే మంచిదేగా. కొంతమంది మొహాలకి కాస్త కళన్నా వచ్చేది."

"మెల్లగా అత్తా. కిటికీ తెరిచే ఉంది."

"అందుకేగా అంటున్నా."

మిల్లు యజమాని కూతురికి పెళ్ళి కుదిరింది. ఆయన భార్య పెళ్ళిగౌనుకి ఖరీదైన పట్టు తెచ్చింది. దానిమీద ఆదిగౌను ఒకటి పడేసింది. మిషనమ్మ దాన్ని విప్పి చూసింది. చంకల్లో వెలిసిపోయింది, అంచు చిరుగుపట్టింది.

"అమ్మగారూ, ఇది పాప ఎప్పుడో తొడుక్కున్నట్టుంది. ఈమధ్యది ఏదైనా ఇస్తే..."

"ఈమధ్యది నీ చేతిలో పెట్టి, మళ్ళీ దాని ఒంటికి ఎలా తొడగను? ఇదైతే ఎలాగూ పారేసేదే."

"పోనీ పాపని ఒక్కసారి పంపండి. టేపు పెట్టి చూస్తా."

"నా కూతురి మీద నీ చెయ్యా? చెప్పింది చెయ్యవే."

చెప్పింది చేసింది. పట్టుగుడ్డ కదా, కత్తిరించెయ్యడానికి మనసొప్పక కుట్టు లోపల మాత్రం గుడ్డ ధారాళంగా వదిలింది.

పెళ్ళి దగ్గర పడ్డాక ఒక మధ్యాహ్నం వీధంతా అరుపులు. మిల్లావిడ గౌను చేత్తో ఝాడిస్తూ వస్తోంది. వెనకాల మొగుడు, తలొంచుకుని కూతురు, వాళ్ళ వెనక బజారు జనం. ఊరికే దొరికే వినోదమంటే ఎవరు మానుకుంటారు?

"నడుం దగ్గర పట్టదు, చేతులు దూరవు! సగం పట్టు కాజేసింది. ఈ జాతే అంత."

మిషనమ్మ చేతిలో పని పక్కన పెట్టి లేచింది. నిరుడు ఇలాగే ఎవరిదో గొలుసు కనపడలేదని వాళ్ళ జనంలోని కమ్మరివాడి కొలిమి కూలగొట్టారు. గొలుసు తర్వాత పోయిందన్నవాళ్ళ పరుపు కిందే దొరికింది. కొలిమి మాత్రం మళ్ళీ లేవలేదు. దొంగ అన్న మాట ఒకరి మీద పడితే చాలు, వాళ్ళ జనమంతా దొంగలే.

మిల్లు యజమాని పెద్దమనిషి తరహాలో గొంతు సవరించుకున్నాడు. "ఈ గొడవంతా ఎందుకు? తప్పయింది, గుడ్డ మిగుల్చుకున్నానని ఒక్క మాట అను. గదిలో ఉండు. కాదంటావా, సాయంత్రానికి నీ మిషను వీధిలో ఉంటుంది."

రోజూ నాలుక కత్తిలా ఆడించే అత్త, ఆ పూట కోడలి చెంగు పట్టుకుంది. "అనేయవే. మాటేగా, పోయేదేముంది? గది పోతే ఏం తింటాం?"

"ఇవాళ ఒప్పుకుంటే రేపు ఊళ్ళో ఏది పోయినా మన గడపకే వస్తారత్తా."

ఆమె కిటికీలోంచి చెయ్యి చాచి గౌను అందుకుంది. బ్లేడుతో పక్కకుట్టు విప్పింది. మడతల్లోంచి పట్టు జారింది. "గుడ్డ ఎక్కడికీ పోలేదయ్యగారూ." ఆదిగౌను తెచ్చి దానిమీద పరిచింది. "మీరిచ్చిన ఆదికి వెంట్రుకవాసి తేడా లేదు."

"ఆ ఆది మాది కాదు," అంది మిల్లావిడ. "మార్చేసింది."

అబద్ధం ఎంత సులువుగా వచ్చిందో, జనం అంత సులువుగా తలలూపారు. ఇక మిగిలింది కూతురొక్కతే. ఆ పిల్ల ఔనంటే బతుకు, కాదంటే దొంగ. మిషనమ్మ ఆదిగౌను పిల్ల వైపు జరిపింది. తల్లి కూతురి మోచెయ్యి గట్టిగా నొక్కిపెట్టింది. పిల్ల ఒకసారి తల్లిని చూసింది, ఒకసారి గౌన్ని చూసింది.

"నాదే," అంది నేలకేసి చూస్తూ. "కాలేజీకి వెళ్ళకముందుది. పారేసేదే కదా అని అమ్మ ఇచ్చింది."

వీధిలో ఎవరో దగ్గారు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, తలలూపినవాళ్ళంతా మెడలు సవరించుకున్నారు.

"వెడల్పు చేసిస్తా," అంది మిషనమ్మ. "ఎంతో మాత్రం తెలీదు. పాప లోపలికి రావాలి."

"పద ఇంటికి," అంది తల్లి.

పిల్ల మోచెయ్యి విడిపించుకుని గడప దాటింది.

లోపల మిషనమ్మ పిల్ల నడుం చుట్టూ టేపు చుట్టింది. పిల్ల గుమ్మం వైపు చూసింది. "అమ్మ నన్ను చంపేస్తుంది."

"ముందు నన్ను చంపుతుందిలే పాపా. నీ వంతు వచ్చేసరికి అలిసిపోతుంది."

పిల్ల ఫక్కున నవ్వింది. బయట ఆ నవ్వు విన్న తల్లి మొహం మాడిపోయింది.

పెళ్ళి ఘనంగా జరిగింది. గౌను పట్నంలో కుట్టించామని మిల్లావిడ అందరికీ చెప్పుకుంది. ఆ వారంలోనే యజమాని వచ్చాడు. "నువ్వు దొంగవి కాదు, ఒప్పుకుంటా. కానీ నలుగురిలో మా ఆవిడ పరువు తీశావు. గది ఖాళీ చెయ్యి."

మిషను బండెక్కింది. రైలుపట్టాల అవతల, తమవాళ్ళ వాడలో వంటింటి పక్క చీకటిగది దొరికింది. దొంగ అన్న మాట మాత్రం వెంట రాలేదు, వాడలో ఎవరి గోడా కూలలేదు. మిషనమ్మ ఒకటే కబురు పంపింది: ఇక ఆదులు తీసుకోను, కుట్టించుకునే మనిషి రావాలి.

"బానే ఉంది," అంది అత్త. "ఎవరూ రారు, తిండి లేక మనమే సన్నబడతాం. మన బట్టలే బిగించి కుట్టుకుందాం."

అత్త అన్నంత పనీ అయింది. చాలాకాలం మిషనమ్మ వాడలోవాళ్ళ చిరుగులు, పిల్లల లాగులే కుట్టింది. మిల్లావిడ వైపువాళ్ళు ఇప్పటికీ రారు, పట్నం బస్సెక్కి పోతారు. ఒకనాడు మాత్రం పోస్టాఫీసు గుమాస్తా భార్య అటూ ఇటూ చూసుకుంటూ పట్టాలు దాటి వచ్చింది. అలవాటుకొద్దీ ఆదిబట్ట చాచింది. మిషనమ్మ అందుకోలేదు. ఆవిడ కాసేపు గుమ్మంలో నిలబడి, చెప్పులు విడిచి లోపలికొచ్చింది. కళ్ళు మూసుకుని, చేతులు ఎత్తి, కర్రలా బిగుసుకుపోయింది.

"ఊపిరి వదలమ్మా," అంది మిషనమ్మ. "బిగబట్టి కొలిపించుకుంటే రేపు ఇబ్బంది నీకే."